పద్నాలుగు ప్రశ్నల్లో మిగిలింది ఒక్కటి: ఒక పంట కాలువ రెండో అప్పీలు కథ

రెండో అప్పీలు మెమోలో, అంటే మొదటి అప్పీలు ఓడాక హైకోర్టుకు ఇచ్చే అర్జీలో, పద్నాలుగు న్యాయ ప్రశ్నలు కనిపిస్తే అసలైనది ఒక్కటీ లేదేమోనని అనుమానం వస్తుంది. హైకోర్టు జడ్జికీ అదే అనుమానం వస్తుంది. ఈ కేసులో మొదటి అప్పీలు ఓడిపోయాక కక్షిదారు మరొకచోట రాయించుకొని మా ఆఫీసుకు తెచ్చిన చిత్తుప్రతిలో సరిగ్గా పద్నాలుగున్నాయి. అమరావతికి వెళ్లిన మెమోలో రెండే మిగిలాయి. కోర్టు తీసుకున్నది ఒకటి. మిగతావన్నీ ఎందుకు తీసేశామన్నదే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు, ఊరు, సర్వే నంబర్లు ఇవ్వడం లేదు.

భూమి నెల్లూరు జిల్లా విడవలూరు వైపు, కనిగిరి రిజర్వాయరు కాలువల కింది ఆయకట్టు. (కనిగిరి పట్టణం కాదు, బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి రిజర్వాయరు.) అన్నదమ్ములిద్దరు తండ్రి ఆస్తిని రిజిస్టరు దస్తావేజుతో పంచుకున్నారు. తూము అన్న భాగంలో పడింది. అక్కడి నుంచి అన్న చేని తూర్పు గట్టు వెంట ఒక పిల్ల కాలువ దిగువనున్న తమ్ముడి చేనికి పోతుంది. పంపకాలకు ముందు, తండ్రి కాలం నుంచీ నీళ్లు అట్లాగే పారేవి. దస్తావేజులో షెడ్యూళ్లకు ముందు ఒక వాక్యం ఉంది: నీటి పారుదల పూర్వపు వాడుక ప్రకారం జరుపుకోవాలి, ఒకరినొకరు ఆటంకపరచరాదు. ఇది పాత లేఖరులు చెయ్యి తిరిగిన అలవాటుగా రాసే వాక్యమే, చాలామంది లాయర్లు చదవకుండా దాటేసేదీ ఇదే.

అన్న పోయాక కొడుకులు ఆ భూమి అమ్మేశారు. కొన్నాయన రొయ్యల గుంట కోసం పొక్లెయిన్ దించి, కాలువను గుంట కట్టలో కలిపేశాడు. తమ్ముడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాడు. కాలువను మళ్లీ తీయించమని మాండేటరీ ఇంజంక్షన్, ఇక ముందు అడ్డు రాకుండా శాశ్వత ఇంజంక్షన్ అడిగాడు. అడ్వొకేట్ కమిషనర్ (స్థలం చూసి రమ్మని కోర్టు పంపే లాయరు) వెళ్లి చూసి తూము ఉందనీ, పూడ్చిన కాలువ ఆనవాళ్లు గట్టుకు రెండు చివరలా కనిపిస్తున్నాయనీ రిపోర్టు ఇచ్చాడు. దావా డిక్రీ అయింది, అంటే తమ్ముడు గెలిచాడు.

కొన్నాయన అప్పీలు వేశాడు, గెలిచాడు. మొదటి అప్పీలు కోర్టు మూడు మాటలు చెప్పింది. ఒకటి, ఈజ్‌మెంట్ (ఒకరి భూమి మీద మరొకరికి ఉండే వాడుక హక్కు) చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు హక్కుగా అనుభవించినట్టు రుజువు కాలేదు, అన్నదమ్ముల మధ్య నీళ్లు పారింది సర్దుబాటు మీద. రెండు, వాది చేలో బోరు ఉంది కాబట్టి కాలువ లేకపోతే గడవదనే పరిస్థితి లేదు. మూడు, వాది తరఫు సాక్షులు సంవత్సరాలు పొంతన లేకుండా చెప్పారు. పంపకాల దస్తావేజు ఏ1 ఎగ్జిబిట్‌గా ఫైల్లోనే ఉంది. తీర్పులో దాని ప్రస్తావన ఎగ్జిబిట్ల జాబితా వరకే పరిమితమైంది.

తమ్ముడికి అప్పటికి డెబ్బై దాటాయి. కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు.

"అయ్యా, ఆ బోరు నీళ్లు ఉప్పని ఊరంతా తెలుసు గదా. వరి ఎట్టా పండుద్ది? హైకోర్టులో ఆ మాట గట్టిగా చెప్పండి."

"ఆ మాట అక్కడ చెప్పం పెద్దాయనా."

"అదేందయ్యా! ఉన్న మాటే గదా?"

ఉన్న మాటే. ట్రయల్ కోర్టు నమ్మిన మాట కూడా. కానీ బోరు నీళ్లు ఉప్పో తీపో, కావాల్సినంత ఉన్నాయో లేవో అన్నది వాస్తవానికి సంబంధించిన సంగతి. దాని మీద ఆఖరి మాట మామూలుగా మొదటి అప్పీలు కోర్టుదే. కక్షిదారుకు అన్నిటికంటే మండే విషయం హైకోర్టులో చాలాసార్లు దేనికీ కొరగాదు. ఇది వాళ్లకు నచ్చచెప్పడం మెమో రాయడం కంటే కష్టం.

మూడు గడపలు, మూడు రకాల లెక్క

మొదటి అప్పీలు హక్కు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద వేస్తే కోర్టు సాక్ష్యాన్ని మొత్తం మళ్లీ తూచాలి. సాక్షి అబద్ధం చెప్పాడనీ, జడ్జి పొరబడ్డాడనీ, కమిషనర్ రిపోర్టు తప్పనీ ఏదైనా అనవచ్చు. రెండో అప్పీలు 100వ సెక్షన్. వేసే హక్కు ఉంటుంది గానీ, ముఖ్యమైన న్యాయ ప్రశ్న, కోర్టు భాషలో సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా, ఉంటేనే లోపలికి రానిస్తారు. దాన్ని మెమోలో కచ్చితంగా రాయాలి. ఉందని తృప్తి పడితే హైకోర్టే ఆ ప్రశ్నను రూపొందిస్తుంది, అప్పీలు దాని మీదే నడుస్తుంది. సుప్రీంకోర్టుకు 136వ అధికరణం కింద వెళ్లేది హక్కే కాదు, అనుమతి అడుక్కోవడం.

రెండో అప్పీలుకు ఈ కట్టుదిట్టం 1976 సవరణతో వచ్చింది. అంతకుముందు కింది తీర్పు చట్టానికి విరుద్ధమనో, విధానంలో పెద్ద లోపముందనో చెబితే సరిపోయేది. వాస్తవాల జోలికి వెళ్లొద్దన్న మాట మాత్రం అప్పటికే పాతది. కింది కోర్టు వాస్తవం విషయంలో ఎంత ఘోరంగా పొరబడినా రెండో అప్పీలు ఉండదని అప్పట్లో మన కేసులకు ఆఖరి కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ 1890లోనే, దుర్గా చౌధురాణి కేసులో, తేల్చింది. అయినా హైకోర్టులు వాస్తవాల్లోకి దిగుతూనే వచ్చాయి. అందుకే సవరణ.

ముఖ్యమైన ప్రశ్న అంటే ఏదో చెప్పడానికి ఈరోజుకీ అందరూ ఎత్తేది 1962లో సుప్రీంకోర్టు చున్నీలాల్ మెహతా కేసులో పెట్టిన కొలమానమే. అది ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం మన కుర్ర లాయర్లలో చాలామందికి తెలియదు. 1951లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ కేసు పేరు రిమ్మలపూడి సుబ్బారావు వర్సెస్ నూనె వీరరాజు. అప్పటికి మనమంతా మద్రాసు కిందే కదా. తర్వాత నెల్లూరు ఫైళ్లు 1954లో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019 నుంచి అమరావతికి వెళ్తున్నాయి. కొలమానం మాత్రం మారలేదు. ఆ ప్రశ్నకు చెప్పే జవాబు కక్షిదారుల హక్కుల మీద నేరుగా, గట్టిగా ప్రభావం చూపాలి. దాన్ని పై కోర్టు ఇదివరకే తేల్చేసి ఉండకూడదు. లేదా సులభంగా తేలనిదై, రెండు వైపులా వాదనకు చోటున్నదై ఉండాలి. స్థిరపడ్డ సూత్రాన్ని ఈ కేసు వాస్తవాలకు అన్వయించడమే మిగిలితే అది ముఖ్యమైన ప్రశ్న కాదు.

2001లో సంతోష్ హజారీ కేసు ఇంకో షరతు బిగించింది. ఆ ప్రశ్నకు ప్లీడింగ్స్‌లో (కక్షిదారులు కోర్టుకు రాసిచ్చిన వాదనల్లో) పునాది ఉండాలి, కింది కోర్టులు తేల్చిన వాస్తవాల్లోంచే అది పుట్టాలి, కేసు తేలాలంటే దానికి జవాబు చెప్పక తప్పని పరిస్థితి ఉండాలి. కక్షిదారుకు చెప్పేటప్పుడు నేను దీన్నే తిప్పి చెబుతాను: మన మీద వచ్చిన వాస్తవాలన్నీ నిజమేనని ఒప్పేసుకున్నా మనమే గెలవాలి. అట్లాంటి దారి ఉంటే అది మన ప్రశ్న. లేకపోతే డబ్బు ఖర్చు పెట్టొద్దు.

జల్లెడ

చిత్తుప్రతిలోని పద్నాలుగింటిని ఆ లెక్కన చూశాం. సాక్షులను నమ్మకపోవడం తప్పనే అర్థంతో చాలా ప్రశ్నలు, బోరు మీద రెండు. కమిషనర్ రిపోర్టును పట్టించుకోలేదని ఒకటి ఉంది. ఇది కొంచెం ఆలోచింపజేసింది గానీ, కాలువ ఒకప్పుడు ఉందన్న సంగతిని మొదటి అప్పీలు కోర్టు కాదనలేదు, హక్కు లేదని మాత్రమే అంది. అంటే ఆ రిపోర్టు నెగ్గినా మనకు కొత్తగా వచ్చేదేమీ లేదు. 'తీర్పు చట్టానికి, సాక్ష్యానికి, సంభావ్యతలకు విరుద్ధం' అనే పడికట్టు మాట సరేసరి.

మిగిలినవి రెండు. మొదటిది ఏ1 దస్తావేజు. మన ఈజ్‌మెంట్ చట్టం 1882 నాటిది, మద్రాసు ప్రాంతానికి మొదటి నుంచీ వర్తించింది. అందులో 15వ సెక్షన్ ఇరవై ఏళ్ల అనుభవంతో వచ్చే హక్కు. 13వ సెక్షన్ వేరు. ఉమ్మడి ఆస్తిని పంచుకున్నప్పుడు పుట్టే హక్కు అది, దానికి ఇరవై ఏళ్లు అక్కర్లేదు. ఇందులోనూ రెండున్నాయి. (ఇ) క్లాజు, అది లేకుండా వాటాను అనుభవించడమే కుదరని సందర్భానికి. (ఎఫ్) క్లాజు, పంపకం నాటికి కంటికి కనిపిస్తూ, నిరంతరాయంగా సాగుతున్న సౌకర్యానికి. పంపకం రోజున ఎట్లా అనుభవిస్తున్నారో అట్లాగే అనుభవించడానికి అది అవసరమైతే చాలు, దస్తావేజులో వేరే ఉద్దేశం రాసుకోకపోతే హక్కు వస్తుంది. కొలిచే రోజు పంపకం నాటిది, దావా నాటిది కాదు. ఆ తర్వాత ఎన్నేళ్లకో వేసిన బోరు (ఇ) క్లాజుకు గొడ్డలిపెట్టు. 41వ సెక్షన్ ప్రకారం అవసరం తీరిపోతే అవసరం వల్ల వచ్చిన హక్కూ పోతుంది. (ఎఫ్)ను మాత్రం బోరు ముట్టుకోలేదు.

ఇక దస్తావేజులో ఆ పారుదల వాక్యం ఉంది కాబట్టి, ఇది చట్టం ఊహించి ఇచ్చే హక్కు మాత్రమే కాదు, అన్నదమ్ములు ఒకరికొకరు రాసి ఇచ్చుకున్నది కూడా. అట్లా రాసి ఇచ్చిన ఈజ్‌మెంట్ అవసరం తీరినంత మాత్రాన పోదని 2006లో సుప్రీంకోర్టు హీరో వినోత్ వర్సెస్ శేషమ్మాళ్ కేసులో చెప్పింది. దస్తావేజును తప్పుగా అన్వయిస్తే అది న్యాయ ప్రశ్నేనని కూడా అదే తీర్పులో ఉంది. ఒకే తీర్పు గడప దాటడానికీ, లోపల గెలవడానికీ పనికిరావడం అరుదు.

చూడండి, ఇప్పుడు మొదటి అప్పీలు కోర్టు చెప్పిన మూడు మాటలూ ఒప్పుకుందాం. ఇరవై ఏళ్లు హక్కుగా అనుభవించలేదు, సరే. బోరుంది, సరే. సాక్షులు తడబడ్డారు, సరే. అయినా దస్తావేజు అట్లాగే ఉంది.

రెండో ప్రశ్న విధానానికి సంబంధించినది. ఆర్డర్ 41 రూల్ 31 ప్రకారం మొదటి అప్పీలు తీర్పులో తేల్చాల్సిన అంశాలు, నిర్ణయం, దానికి కారణాలు ఉండాలి. కింది తీర్పును తిరగేసేటప్పుడు ఆ తీర్పులోని తర్కాన్ని దగ్గరగా ఎదుర్కొని, తన కారణాలు తాను చెప్పాలని సంతోష్ హజారీలోనే ఉంది. ట్రయల్ కోర్టు ఏ1 మీద ఆధారపడింది, అప్పీలు కోర్టు దాన్ని ఎత్తనే లేదు. పాయింటు బలమైనదే. కానీ దాని మీద గెలిస్తే వచ్చేది రిమాండు. ఫైలు మళ్లీ జిల్లాకు వచ్చి, మళ్లీ వాదనలు, మళ్లీ ఓడినవాడి అప్పీలు. డెబ్బై దాటిన మనిషికి రిమాండు గెలుపేమీ కాదు. అందుకని దాన్ని రెండో స్థానంలో పెట్టి, అవసరమైతే 103వ సెక్షన్ కింద ఉన్న రికార్డుతోనే హైకోర్టు తేల్చవచ్చని కూడా రాశాం.

అడ్మిషన్ రోజు

గడువు 90 రోజులు, సర్టిఫైడ్ కాపీకి పట్టిన కాలం తీసేసి. ఆ లెక్క కాపీ వెనకాల ముద్రలోనే ఉంటుంది: దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, చార్జీలు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది. జిల్లా నుంచి వెళ్లే ఫైళ్లలో ఆలస్యం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. అడిగిన చార్జీలు కట్టకుండా వదిలేసిన రోజులు మన ఖాతాలోనే పడతాయి. మాది గడువులోనే పడింది. ఆస్తి విలువ చిన్నదని అడ్డేమైనా ఉందా అని కొడుకు అడిగాడు. 102వ సెక్షన్‌లోని 25,000 రూపాయల పరిమితి డబ్బు వసూలు దావాలకే. కాలువకు వర్తించదు.

అవతలివాళ్లు కెవియట్ (తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ) వేసి ఉంచారు. కాబట్టి అడ్మిషన్‌లోనే, అంటే అప్పీలును విచారణకు తీసుకోవాలా వద్దా అని తేల్చే రోజే, వాళ్ల లాయరు హాజరు. వాదించింది అమరావతిలోని మా సీనియర్ మిత్రుడు. ఆ దశలో దొరికేది కొద్ది నిమిషాలే. ఆ రోజు లిస్టులో ఇట్లాంటివి ఇంకెన్నో ఉంటాయి. కథ మొదలుపెడితే పంపకాల దగ్గరికి చేరేలోపే 'రెండు కోర్టులూ వాస్తవాలు చూశాయి కదా' అన్న మాట వస్తుంది. ఆయన కథ చెప్పలేదు. ఏ1లోని ఆ వాక్యం ఉన్న పేజీ తెరిచి, అప్పీలు తీర్పులో దాని గురించి ఎక్కడుందో చూపించమని అవతలి లాయరును అడిగారు. అవతలి లాయరు ప్లీడింగ్స్ వైపు మళ్లాడు: ప్లెయింట్‌లో (దావా అర్జీలో) 13(ఎఫ్) అనే మాటే లేదన్నాడు. సెక్షన్ నంబరు లేదు, నిజమే. పంపకం, తూము, పూర్వపు వాడుక, దస్తావేజు వాక్యం నాలుగో పేరాలో ఉన్నాయి. వాది చెప్పాల్సింది వాస్తవాలు, సెక్షన్ వెతుక్కోవాల్సింది కోర్టు.

అప్పీలు అడ్మిట్ అయింది. జడ్జి ప్రశ్నను తన మాటల్లో ఒక్కటిగా రూపొందించారు: ఏ1 దస్తావేజు ప్రభావాన్ని, 13(ఎఫ్)ను చూడకుండా, 15వ సెక్షన్ ఒక్కదాని మీదే హక్కును నిరాకరించడం చట్టసమ్మతమేనా?

అడ్మిట్ కాగానే ఊళ్లో స్వీట్లు పంచినవాళ్లున్నారు. తొందరపాటు. రూపొందించిన ప్రశ్న అసలు ఈ కేసులో లేనే లేదని వాదించే హక్కు 100(5) కింద అవతలివాళ్లకు చివరి దాకా ఉంటుంది. పైగా స్టే సంగతి. దావా కొట్టేసిన డిక్రీ మీద స్టే అడిగితే ఆపడానికి అందులో ఖర్చుల మాట తప్ప ఏమీ ఉండదు. స్టే కాదు, ఇంజంక్షన్ అడగాలి. గుంటను ఇంకా లోతు చేయకుండా, కట్ట మీద శాశ్వత కట్టడాలు లేపకుండా ఉత్తర్వు తెచ్చుకున్నాం. అది లేకపోతే విచారణ నాటికి 'అంతా అయిపోయింది, నష్టపరిహారం ఇప్పించండి' అనేవాళ్లు.

తుది విచారణ చాలా ఆలస్యంగా వచ్చింది. అక్కడ అసలు పోట్లాట నేను ఊహించని మూల నుంచి మొదలైంది. తూము తలుపు మనిషి ఎత్తితేనే నీళ్లు పారతాయి, కాబట్టి ఇది నిరంతరాయమైన ఈజ్‌మెంట్ కాదు, (ఎఫ్) వర్తించదు అన్నారు. మంచి వాదన. నడక దారికైతే అది నెగ్గుతుంది. మనిషి నడిస్తేనే దారి కాబట్టి అది నిరంతరాయమైనది కాదని 5వ సెక్షన్ ఉదాహరణల్లోనే ఉంది. కాలువ అట్లా కాదు, ఒకసారి తూము ఎత్తాక నీళ్లు వాటంతటవే పారతాయి, ప్రతి చుక్కకూ మనిషి పని అక్కర్లేదు అని జవాబు చెప్పాం. ఒకవేళ (ఎఫ్) కుదరకపోయినా దస్తావేజులో రాసుకున్నది ఎక్కడికీ పోదు. కోర్టు ఆ దస్తావేజు వాక్యాన్నే ప్రధానంగా తీసుకొని అప్పీలు అనుమతించింది, ట్రయల్ కోర్టు డిక్రీని నిలబెట్టింది. రిమాండు లేదు.

ఢిల్లీ

సింగిల్ జడ్జి రెండో అప్పీలులో తీర్పిచ్చాక హైకోర్టులో పై బెంచికి అప్పీలు లేదు, 100ఎ సెక్షన్ ఆ దారి మూసేసింది. కొన్నాయన సుప్రీంకోర్టుకు స్పెషల్ లీవ్ పిటిషన్ (అప్పీలుకు అనుమతి, అంటే లీవ్, అడిగే అర్జీ) వేశాడు. గుంట మీద పెట్టిన పెట్టుబడి, ఎగుమతి రొయ్యలు, ఇవన్నీ రాశాడు.

ఇక్కడ కోర్టు చూసే చూపు వేరు. తీర్పు తప్పా ఒప్పా అన్నది మొదటి ప్రశ్న కాదు. దేశం మొత్తానికి పనికొచ్చే ప్రశ్న ఏదైనా ఉందా, హైకోర్టుల మధ్య భిన్నాభిప్రాయం ఉందా, వదిలేస్తే ఘోరమైన అన్యాయం జరుగుతుందా అని చూస్తారు. ఈ అధికారాన్ని అరుదుగానే వాడాలని 1950లోనే ప్రీతమ్ సింగ్ కేసులో చెప్పారు. ఎప్పుడు వాడాలో గీత గీయమని అడిగితే 2016లో రాజ్యాంగ ధర్మాసనం గీయనంది. అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిది మందిలో నలుగురు సరేనంటే కేసు తీసుకుంటారు. మన దగ్గర అట్లాంటి లెక్క లేదు, మామూలుగా ఇద్దరు జడ్జీల బెంచి ముందు తేలిపోతుంది. ఒక పిల్ల కాలువ, ఒక దస్తావేజు, 2006 నుంచి స్థిరపడి ఉన్న సూత్రం. ఒక్క వాక్యంతో పిటిషన్ కొట్టేశారు. కారణాలు రాయలేదు, రాయాల్సిన పనీ లేదు.

పెద్దాయన కొడుకు ఫోన్ చేసి "సుప్రీంకోర్టు కూడా కాలువ మనదేనంది సార్" అన్నాడు. అనలేదు. మేం చూడం అంది, అంతే. కారణాలు చెప్పకుండా లీవ్ నిరాకరిస్తే హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు తీర్పులో కలిసిపోదనీ, అది దేశానికంతటికీ చట్టం కాదనీ 2000లో కున్హాయమ్మద్ కేసు చెప్పింది. 2019లో ఖోడే డిస్టిలరీస్ కేసులో అదే మాట మళ్లీ వచ్చింది. ఇది పుస్తకాల్లో తేడా అనుకోవద్దు. ఆ తేడా ఉంది కాబట్టే కొన్నాయన మళ్లీ హైకోర్టుకు వచ్చి రివ్యూ వేయగలిగాడు. అదీ పోయింది. రికార్డు మీద కనిపించే తప్పేదీ లేకుండా పాత వాదననే మళ్లీ వినిపించారు.

ఇప్పుడు కోవూరు కోర్టులో ఈపీ (డిక్రీ అమలు చేయించమనే అర్జీ) నడుస్తోంది, ఆర్డర్ 21 రూల్ 32 కింద. కాలువ ఎంత వెడల్పుండాలన్నది డిక్రీలో లేదు. కమిషనర్ పాత ప్లాన్‌లోని కొలతలే పట్టుకోవాలని మేం, గుంట కట్ట చెడకుండా గట్టు అంచున పైపు వేస్తామని వాళ్లు అంటున్నారు. పైపుకు పెద్దాయన ఒప్పుకునేలా ఉన్నాడు, కొడుకు ఒప్పుకోవడం లేదు. సర్వేయరు వచ్చేది వచ్చే వాయిదాకు.